పికప్ బండికి నిజమైన డీజిలు లెక్క

నౌపడ ప్రాంతము వారికి రవాణా ఖర్చును గురించి వేరొకరు పాఠము చెప్పనక్కరలేదు. ఉప్పుమళ్ళలో పనిచేయువారు దానిని ఏనాడో నేర్చినారు. ఉప్పు బరువైన సరకు, ధర తక్కువ. గట్టుమీద కుప్ప పోసినప్పటి వెల ఎంతయైనను, అది దూరపు దుకాణము చేరునప్పటికి దానిపై పడు కిరాయియే పెద్ద పద్దు అగును. జీడిపప్పు సంగతి వేరు. పలాసలో ఒక డబ్బా పప్పు బండికెక్కినచో, దాని వెలలో కిరాయి లెక్కకు రానంత స్వల్పము. కావున సరకు ఎంత చౌకయో, ఎంత బరువో, రవాణా లెక్క అంత జాగ్రత్తగా చూడవలెను. మన ధాన్యము, కొబ్బరికాయ, కూరగాయలు, పశువుల గడ్డి, ఇవి యన్నియు ఉప్పు వైపున ఉన్నవే కాని జీడిపప్పు వైపున లేవు.

ఒకప్పుడు బరువు సరకునకు రైలే దిక్కు. పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడ-పర్లాకిమిడి చిన్న రైలుమార్గము 1900లో ప్రారంభమైనది. తరువాత అది గుణుపురము వరకు సాగినది. 2004లో ఆ చిన్న రైలు నిలిచి, 2010, 2011 సంవత్సరములలో పెద్ద పట్టాలపై మరల నడక సాగినది. ఇనుప పట్టాపై ఇనుప చక్రము దొర్లునప్పుడు కలుగు నిరోధము, తారురోడ్డుపై రబ్బరు టైరు దొర్లునప్పటి నిరోధములో కొద్ది భాగము మాత్రమే. అయినను రైలు కల్లము దగ్గరకు రాదు. ఆ లోటును తీర్చుటకే చిన్న సరకు బండ్లు వచ్చినవి. 2005లో టాటా ఏస్ బయలుదేరిన తరువాత రెండెడ్ల బండి పోవు సందులలోకి కూడ మోటారు బండి పోసాగినది. దానికంటె పెద్దవైన బొలెరో వంటి పికప్ బండ్లు ఈనాడు ప్రతి గ్రామమునను కనబడుచున్నవి. రైతులలో కొందరు అప్పు తెచ్చి వీనిని కొనుచున్నారు. కొనునప్పుడు అందరు అడుగు ప్రశ్న ఒక్కటే: "లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తాది?"

ఈ ప్రశ్న చాలదని నా అభిప్రాయము. ఈ ఒక్క ప్రశ్నతో ఆగిపోయి నష్టపడినవారిని నేను చూచియున్నాను.

ఒక రైతు అనుభవము

మా పరిధిలోని ఒక గ్రామమున ఒక పెద్ద రైతు తన కుమారునికి జీవనోపాధి యగునని పికప్ బండి కొన్నాడు. అమ్మినవారు లీటరుకు 17 కిలోమీటర్లు వచ్చునని చెప్పినారు. కాగితమున కూడ ఆ అంకెయే ఉన్నది. దానినే నమ్మి ఆయన ఒక వ్యాపారితో పంటకాలము పొడవున ధాన్యము చేరవేయుటకు కిరాయి కుదుర్చుకొనెను. ఒకవైపు దూరము సుమారు 60 కిలోమీటర్లు. రానుపోను 120. లీటరుకు 17 చొప్పున 7 లీటర్ల డీజిలు సరిపోవునని లెక్క కట్టినాడు. ఆ లెక్కమీదనే కిరాయి ఒప్పుకొన్నాడు.

పంటకాలము ముగిసిన తరువాత ఆయన మా కార్యాలయమునకు వచ్చి, "కాయితం మీద పదిహేడని సెప్పినారు బాబూ, నాకు పన్నెండు దాటి రాలేదు. తప్పు బండిదా, నాదా?" అని అడిగెను.

లీటరుకు 12 చొప్పున 120 కిలోమీటర్లకు 10 లీటర్లు అయినవి. తిరుగుడు ఒక్కింటికి 3 లీటర్లకు కొంచెము తక్కువగా అదనపు ఖర్చు. లీటరు రూ.100 అనుకొన్నచో, ఆయన ఆ కాలమున తిరిగిన 80 తిరుగుళ్ళకు సుమారు రూ.23,500 చేతినుండి పోయినది. ఆ సొమ్ము లేనందున బ్యాంకు వాయిదా తీర్చుటకు ఖరీఫు విత్తనమునకు, దమ్ముకు దాచుకొన్న డబ్బును తీయవలసి వచ్చినది. బండి రోజంతయు తిరిగినది, కుమారునికి తిండికి తీరిక లేదు, చివరకు మిగిలినది అప్పు. దమ్మిడీ ఆదాయము లేదు, గడియ తీరిక లేదు అను సామెత ఇటువంటి చోటనే పుట్టియుండును.

ఇందులో బండి తప్పు లేదు. నడిపిన కుర్రవాని తప్పు లేదు. కాగితములోని అంకె కూడ అబద్ధము కాదు. ఒక పనికి కొలిచిన అంకెను మరియొక పనికి వాడుటయే తప్పు.

కాగితములోని అంకె ఎట్లు వచ్చును?

మన దేశమున చిన్న వాహనముల ఇంధన వినియోగమును రోడ్డుమీద కొలువరు. బండి చక్రములను దొర్లు రోలర్లపై నిలిపి, గది లోపల, నిర్ణయించిన ఒక క్రమము ప్రకారము నడుపుదురు. 3.5 టన్నుల లోపు మొత్తము బరువు గల వాహనములకు వాడుకలోనున్న భారతీయ పరీక్షాక్రమము 1,180 సెకండ్లు, అనగా 20 నిమిషములకు కొంచెము తక్కువ. అందులో బండి నడిచినట్లు లెక్కకు వచ్చు దూరము సుమారు 10.6 కిలోమీటర్లు. గరిష్ఠ వేగము గంటకు 90 కిలోమీటర్లు. గది ఉష్ణోగ్రత 20 నుండి 30 డిగ్రీల మధ్య ఉండవలెను. రోలర్లపై పెట్టు బరువు ఖాళీ బండికి ఇద్దరు మనుష్యులు ఎక్కినపాటిదే. పదిహేను క్వింటాళ్ళ ధాన్యముతో ఆ పరీక్ష జరుగదు.

ఈ పరీక్ష వలన ప్రయోజనము లేదని నేననుట లేదు. రెండు కంపెనీల బండ్లను పోల్చి చూచుటకు ఇట్టి సమానమైన కొలత ఉండితీరవలెను. ఒక విత్తన రకము పరిశోధనా క్షేత్రమున ఎకరాకు ఎంత పండినదో మనము చెప్పుచుందుము. అదే రకము చౌడునేలలో, కాలువ చివరి భూమిలో అంత పండునని ఏ వ్యవసాయాధికారియు హామీ ఇవ్వడు. తెలిసిన రైతు అడుగడు కూడ. బండి అంకెను కూడ ఆ దృష్టితోనే చూడవలెను. అది పరిశోధనా క్షేత్రపు దిగుబడి వంటిది.

ఈ తేడా మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో పెద్ద పికప్ ట్రక్కులు ఇంటింటి వాహనములు. ఫోర్డు కంపెనీ ఎఫ్ శ్రేణి ట్రక్కులు 1977 నుండి అక్కడ అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోవు ట్రక్కులు. అక్కడి ప్రభుత్వము ప్రతి కొత్త బండి అద్దముపై ఇంధనపు అంకెలు అంటింపజేయును. ఆ అంకెలు రోడ్డుమీద రాకపోవుటను గమనించి 2008 సంవత్సరపు వాహనములనుండి పరీక్షా విధానమును మార్చినారు. ఎక్కువ వేగము, చలి వాతావరణము, చల్లని గాలి యంత్రము వాడకము, వీనిని కూడ లెక్కలోనికి తెచ్చినారు. అంకెలు తగ్గినవి, నిజమునకు దగ్గరైనవి. అయినను 8,500 పౌన్లకు, అనగా సుమారు 3,855 కిలోలకు, మించిన మొత్తపు బరువు గల పికప్‌లకు ఆ చీటీ అంటింపనక్కరలేదు. అనగా ఎక్కువ బరువు మోయుటకు కొను బండికే అక్కడ అంకె దొరకదు. అక్కడి సాధారణపు పెద్ద పికప్ గాలనుకు 20 మైళ్ళు నడచిన మంచి బండియే. మన లెక్కలో అది లీటరుకు 8.5 కిలోమీటర్లు. ఆ బండ్లు పెక్కు దినములు ఒక్క మనిషితో ఖాళీగా తిరుగును. మన బండ్లు అట్లు కాదు. బరువు మోయుటయే వాని పని.

డీజిలు ఎక్కడికి పోవుచున్నది?

డీజిలు ఖర్చగు మార్గములను రైతు తెలిసికొన్నచో తన బండిని తానే తీర్పు చెప్పుకొనగలడు.

మొదటిది బరువు. టైరు దొర్లుటలో కలుగు నిరోధము మొత్తపు బరువును బట్టి పెరుగును. ఆగి కదలిన ప్రతిసారియు ఆ బరువునంతను మరల వేగమునకు తేవలెను. కాబట్టి నిండు బండితో మలుపులు, గోతులు, సంతలు దాటుచు పోవు దారి జాతీయ రహదారి కంటె ఎక్కువ డీజిలు త్రాగును. కాలువగట్టు మీద మొదటి, రెండవ గేరులలో రెండు కిలోమీటర్లు పోవుట, తారురోడ్డు మీద అంతకు ఎన్నియో రెట్లు పోవుటతో సమానము కావచ్చును.

రెండవది గాలి. గాలి నిరోధము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 80 కిలోమీటర్లనుండి 60కి తగ్గినచో గాలి నిరోధము సుమారు 44 శాతము తగ్గును. డీజిలు అంత తగ్గదు, ఏలయనగా బరువువలని నిరోధము అట్లే యుండును. అయినను తేడా స్పష్టముగా తెలియును. 1978లో ఏర్పడిన పెట్రోలియం పొదుపు పరిశోధనా సంఘము వారు వాహనములను గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగమున నడుపుట పొదుపని చెప్పుచున్నారు. గడ్డిమోపులను, కొబ్బరి పీచును క్యాబిన్ కంటె ఎత్తుగా కట్టి పరుగెత్తించువారు, బరువు తక్కువయే కదా అని అనుకొందురు. అక్కడ డీజిలును తినునది బరువు కాదు, ఎత్తైన మోపుకు తగులు గాలి.

మూడవది ఊరక నిలుచుట. చిన్న డీజిలు ఇంజను కదలక తిరిగినను గంటకు సుమారు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు ఖర్చగును. రైసుమిల్లు ముందు వరుసలోను, రైలు గేటు వద్దను, కాటా దగ్గరను ఇంజను ఆపని అలవాటు మనలో చాలమందికి కలదు. ఆ సమయమున మీటరు కదలదు. డీజిలు మాత్రము తరుగును.

నాల్గవది టైర్ల గాలి. నాలుగు టైర్లలో సగటున ఒక్క పౌను గాలి తగ్గినచో ఇంధనము సుమారు 0.2 శాతము ఎక్కువ ఖర్చగునని అమెరికా ప్రభుత్వ లెక్క. పది పౌన్లు తగ్గిన 2 శాతము. ఇది చిన్నదిగానే కనబడును. కాని బరువు బండికి తక్కువ గాలితో టైరు ముందుగా చెడును, ఎండలో పేలుట కూడ కలదు. అసలు నష్టము అందున్నది.

ఐదవ సంగతి కొత్త బండ్లకు చెందినది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణములు అమలునకు వచ్చినవి. అప్పటినుండి చాలా డీజిలు బండ్లకు పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ వంటి భాగము అమర్చుచున్నారు. అందులో మసి నిండినప్పుడు ఇంజను కొంచెము అదనపు డీజిలుతో దానిని కాల్చివేయును. ఎప్పుడును కల్లము నుండి ఊరికి, ఊరినుండి కల్లమునకు మెల్లగా తిరుగు బండికి ఈ శుభ్రత సరిగా జరుగదు. వారమున ఒకసారియైన పెద్దరోడ్డుపై కొంతసేపు నడుపవలెనని కంపెనీ పుస్తకమున ఉన్నచో దానిని పాటింపుడు.

లీటరుకు క్వింటాళ్ళ లెక్క

ఇక అసలు విషయము. నేను పైన చెప్పిన రైతుకు ఒక పుస్తకమిచ్చి, వ్రాయు పద్ధతి చెప్పితిని. ఆయన కుమారుడు వ్రాసిన అంకెలను సులభముగా ఉండునట్లు గుండ్రము చేసి ఇక్కడ ఇచ్చుచున్నాను. ఇది ఒక్క బండి లెక్క. అందరి బండ్లకు ఇదే వచ్చునని కాదు.

నిండు బరువు 15 క్వింటాళ్ళు. బరువుతో లీటరుకు 10 కిలోమీటర్లు, సగము బరువుతో 12, ఖాళీగా 15. దూరము ఒకవైపు 60 కిలోమీటర్లు. డీజిలు లీటరు రూ.100 చొప్పున వేసితిని. బంకులో ధర మారినచో లెక్కను మార్చుకొనవచ్చును.

మొదటి విధము: నిండుగా పోయి ఖాళీగా వచ్చుట. పోవుటకు 6 లీటర్లు, వచ్చుటకు 4, మొత్తము 10 లీటర్లు, రూ.1,000. మైలేజి లీటరుకు 12. క్వింటాలుకు డీజిలు ఖర్చు సుమారు రూ.67.

రెండవ విధము: సగము బరువుతో, అనగా ఏడున్నర క్వింటాళ్ళతో పోయి ఖాళీగా వచ్చుట. పోవుటకు 5 లీటర్లు, వచ్చుటకు 4, మొత్తము 9 లీటర్లు, రూ.900. మైలేజి 13.3. క్వింటాలుకు ఖర్చు రూ.120.

మూడవ విధము: నిండుగా పోయి, వచ్చునప్పుడు 50 కిలోల డి.ఎ.పి. బస్తాలు 15, అనగా ఏడున్నర క్వింటాళ్ళు, తెచ్చుట. పోవుటకు 6 లీటర్లు, వచ్చుటకు 5, మొత్తము 11 లీటర్లు, రూ.1,100. మైలేజి 10.9 మాత్రమే. కాని మోసినది ఇరువదిరెండున్నర క్వింటాళ్ళు. క్వింటాలుకు ఖర్చు సుమారు రూ.49.

ఈ మూడింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. మైలేజి అన్నిటికంటె బాగున్న రెండవ విధమున రైతుకు క్వింటాలు ఖర్చు అన్నిటికంటె ఎక్కువ. మైలేజి అన్నిటికంటె తక్కువైన మూడవ విధమున ఖర్చు అన్నిటికంటె తక్కువ. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని మాత్రమే చూచువాడు సగము బరువుతో తిరిగి, తన బండి బాగుగా నడచుచున్నదని సంతసించును. ఎంత సరకు ఎంత డీజిలుతో చేరినదని చూచువానికి నిజము తెలియును.

2025-26 సంవత్సరమునకు సాధారణ రకము ధాన్యమునకు మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. పై లెక్కలో రెండవ విధమున డీజిలే ధరలో 5 శాతమును మ్రింగుచున్నది. మూడవ విధమున అది 2 శాతమునకు కొంచెము పైన. ఆ 3 శాతము తేడా చిన్నదని ఎవరైన అన్నచో, తేమ ఎక్కువయని క్వింటాలుకు రెండు మూడు కిలోలు తరుగు తీసినప్పుడు మనకెంత బాధ కలుగునో జ్ఞాపకము చేసికొనవలెను. ఇదియు అంతే తరుగు. కాటా దగ్గర పోవునది కంటికి కనబడును, రోడ్డుమీద పోవునది కనబడదు.

నిండు బరువన్న ఏమి?

ఇది చదివి బండిపై ఎంత ఎక్కిన అంత లాభమని అనుకొనరాదు. రిజిస్ట్రేషను పత్రమున రెండు అంకెలుండును: ఖాళీ బండి బరువు, అనుమతించిన మొత్తపు బరువు. మొదటిదానిని రెండవదానినుండి తీసివేసినచో వచ్చునదే మోయదగిన బరువు. డ్రైవరు, కళాసీలు కూడ ఆ బరువులోనివారే. దానికి మించిన బ్రేకులు ఆగవు, కమాను కట్టలు విరుగును, టైర్లు పేలును. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము అధిక బరువుకు రూ.20,000 జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు రూ.2,000. ఒక్కసారి పట్టుబడినచో ఏడాది పొదుపు పోవును. ప్రమాదము జరిగినచో పోవునది ఇంకను పెద్దది.

బండి కొనవలెనా?

డీజిలు ఖర్చు తిరిగిననే వచ్చును. వాయిదా సొమ్ము, బీమా, డ్రైవరు జీతము తిరుగకపోయినను వచ్చును. ఇవి యన్నియు కలిపి నెలకు రూ.24,000 అనుకొందము. నెలకు 24 తిరుగుళ్ళు దొరికినచో తిరుగుడు ఒక్కింటికి రూ.1,000 పడును. 6 తిరుగుళ్ళు మాత్రమే దొరికినచో రూ.4,000 పడును. 15 క్వింటాళ్ళపై అది క్వింటాలుకు సుమారు రూ.267. ఇట్టి స్థితిలో లీటరుకు ఒక కిలోమీటరు ఎక్కువ ఇచ్చు బండిని వెదకుట వలన ఒరుగునదేమి? నెలకు ఎన్ని తిరుగుళ్ళు నమ్మకముగా దొరకునో ముందు తెలిసికొనవలెను. వంశధార ఎడమ కాలువ క్రింద ధాన్యమొక్కటే పండు గ్రామమున పని రెండు మూడు నెలలలోనే యుండును. ఉద్దానము కొబ్బరి, కూరగాయలు, చేపలు కలిసిన చోట ఏడాది పొడవున ఉండవచ్చును. ఐదారెకరముల రైతు తన పంటకొరకు మాత్రమే పికప్ కొనుట నా అభిప్రాయమున నష్టము. నలుగురైదుగురు కలిసి ఒక బండిని కిరాయికి కుదుర్చుకొనుటయే లాభము.

దగ్గరి దూరములకు ట్రాక్టరు తొట్టి ఉన్నవారు దానిని కూడ ఇదే కొలతతో చూడవలెను. ట్రాక్టరు కిలోమీటరుకు ఎక్కువ త్రాగునని దానిని తోసివేయరాదు. అది ఎక్కువ బరువు మోయును. క్వింటాలుకు ఎంత డీజిలు అయినదని చూచి నిర్ణయింపుడు.

లెక్క వ్రాయు పద్ధతి

ప్రభుత్వపు జీపు ప్రతిదానికి ఒక లాగు పుస్తకము ఉండును. తేదీ, పోయిన చోటు, మీటరు అంకె, పోయించిన డీజిలు, ఎక్కినవారి సంతకము అందులో వ్రాయవలెను. ఆడిటు వారు మొదట అడుగునది దానినే. సర్కారు జీపుకు ఉన్న క్రమశిక్షణ రైతు సొంత సొమ్ముతో కొన్న బండికి లేకుండుట వింతగా లేదా? ఆరు గడులు గీసిన నలువది పేజీల నోటు పుస్తకము చాలును: తేదీ, మీటరు అంకె, డీజిలు లీటర్లు, పోవునప్పటి బరువు, వచ్చునప్పటి బరువు, ఊరక నిలిచిన సమయము.

కొలుచు విధానము ఇది. ఒకే బంకులో, వీలైనచో ఒకే పంపు దగ్గర, బండి చదునుగా నిలిపి, పంపు తనంతట తాను ఆగువరకు టాంకు నింపించి మీటరు అంకె వ్రాయుడు. తరువాత పనిచేసికొని, టాంకు సగమైన తరిగిన పిదప అదే చోట అదే విధముగా నింపించుడు. రెండవసారి పట్టిన లీటర్లే మధ్యకాలమున ఖర్చయినవి. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించిన మైలేజి వచ్చును. ఒక్కసారి కొలతను నమ్మరాదు. కనీసము మూడుసార్లు చేసి సగటు తీయుడు. రూ.500కు పోయించి ముల్లు చూచి లెక్క కట్టుట కొలత కానేరదు.

సగటు తీయునప్పుడు ఒక పొరపాటు జరుగుచుండును. పోవునప్పుడు 10, వచ్చునప్పుడు 15, కాబట్టి సగటు పన్నెండున్నర అని అందురు. అది తప్పు. మొత్తము కిలోమీటర్లను మొత్తము లీటర్లతోనే భాగించవలెను. అప్పుడు వచ్చునది 12. పంపు కొలతపై అనుమానమున్నచో ప్రతి బంకులోను ముద్రవేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండవలెను; దానితో కొలిచి చూపుమని అడుగు హక్కు మీకు కలదు. బండిని నిందించుటకు ముందు ఆ పరీక్ష చేయించుట మేలు.

మూడు నెలలు ఈ పుస్తకము వ్రాసిన రైతుకు రెండు లాభములు కలుగును. కిరాయి కుదుర్చుకొనునప్పుడు కాగితపు అంకెతో గాక తన అంకెతో మాట్లాడును. రెండవది, ఎప్పుడును 12 వచ్చు బండికి హఠాత్తుగా 10 వచ్చినచో గాలి జల్లెడ మూసికొనినదనియో, బ్రేకు పట్టివేయుచున్నదనియో, ఇంజెక్టరు చెడినదనియో ముందుగానే తెలియును. పశువు మేత మానుటను చూచి జబ్బును కనిపెట్టు రైతుకు ఇది కష్టము కాదు.

గ్రామోద్యోగులకు, పై వారికి ఒక మాట

వచ్చునప్పటి బరువు దొరకుటయే అన్నిటికంటె పెద్ద పొదుపని పై లెక్క చెప్పుచున్నది. అది ఒక్క రైతు చేతిలో లేదు. రైతు సేవా కేంద్రమున ఒక నల్లబల్లపై ఏ దినమున ఏ బండి ఏ ఊరికి పోవుచున్నది, ఎంత చోటు ఖాళీ యున్నది, తిరుగు ప్రయాణమున ఏమి తేగలదు అని వ్రాసినచో చాలును. దీనికి పెద్ద పథకము అక్కరలేదు. ప్రాథమిక సహకార సంఘము ఎరువులు తెప్పించు దినమును, గ్రామమునుండి ధాన్యము, కూరగాయలు పోవు దినమును కలుపగలిగినచో రెండు ఖాళీ ప్రయాణములు తప్పును. ఊరి పెద్దలు, గ్రామ వ్యవసాయ సహాయకులు ఈ పనికి పూనుకొనవలెనని కోరుచున్నాను.

బ్యాంకుల వారు రైతుకు బండి అప్పు ఇచ్చునప్పుడు ఆదాయవ్యయముల అంచనా తీసికొందురు. అందులో కాగితపు మైలేజిని గాక, బరువుతో పోయి ఖాళీగా వచ్చు లెక్కను వేయవలెను. అంచనా కొంచెము తగ్గును. వాయిదాలు మాత్రము సక్రమముగా వచ్చును.

ఇక వాహనముల ప్రమాణములు నిర్ణయించు వారికి ఒక మనవి. 12 టన్నులు, ఆపై మొత్తపు బరువు గల పెద్ద వాహనములకు 2017లో కేంద్ర ప్రభుత్వము ఇంధన ప్రమాణములు ప్రకటించినది. లారీలను పూర్తి బరువుతో గంటకు 40, 60 కిలోమీటర్ల స్థిరవేగములతో పరీక్షింపవలెనని వానిలో ఉన్నది. పెద్ద లారీని బరువుతో పరీక్షించుట సాధ్యమైనప్పుడు, రైతు కొను చిన్న సరకు బండికి కూడ నిండు బరువుతో ఒక అంకె ప్రకటింపజేయుట అసాధ్యము కాదు. ఖాళీ అంకె ఒకటి, నిండు అంకె ఒకటి, రెండును ప్రక్క ప్రక్కన ఉన్నచో కొనువాడు మోసపోడు, అమ్మువాడు నింద పడడు.

అట్టి ఏర్పాటు జరుగువరకు రైతు నోటు పుస్తకమే ఆధారము. నేను చెప్పిన రైతు ఈ ఏడు కిరాయిని 12 కిలోమీటర్ల లెక్కమీద కుదుర్చుకొన్నాడు. వ్యాపారి మొదట ఒప్పుకొనలేదు. కుమారుడు పుస్తకము తెరచి చూపిన తరువాత ఒప్పుకొన్నాడు. విత్తనపు డబ్బు ఈసారి విత్తనమునకే ఖర్చయినది.

ఇకమీదట బండి బేరమునకు పోవు రైతు సోదరులు మైలేజి ఎంతని అడిగిన పిదప ఇంకొక మాట కూడ అడుగవలెను: "పదిహేను క్వింటాళ్ళతో ఎంత?" జవాబు రాకపోయినచో, ఆ బండి వాడుచున్న ప్రక్క ఊరి రైతు పుస్తకము చూచిన తరువాతనే బయానా ఇవ్వవలెను.